టేలర్ స్విఫ్ట్ కోసం వాళ్ళ నాన్న రాష్ట్రమే మారాడట, నేను ట్యూషన్ టైము కూడా మార్చనట

గోదారి_గట్టు
మా పెద్దదానికి 14 ఏళ్ళు. శనివారం లెక్కల ట్యూషన్‌లో దింపడానికి వెళ్తుంటే కారులో యుద్ధం. ట్యూషన్ మానేసి ఆ టైములో పాటలు రాసుకుంటుందట. రాసుకో తల్లీ, ఎవరొద్దన్నారు, ఆదివారం రాసుకో అన్నాను. దానికి అదన్న మాట: "టేలర్ స్విఫ్ట్ కోసం వాళ్ళ నాన్న రాష్ట్రమే మారాడు. నువ్వు ట్యూషన్ టైము కూడా మార్చవు." గ్రీన్ లైట్ పడినా బండి కదపలేదు నేను, వెనకాయన హారన్ కొట్టేదాకా.

ఇంటికొచ్చి ఈ అమెరికా పాటగత్తె గురించి కాసేపు చదివాను. తండ్రి మెరిల్ లించ్‌లో స్టాక్ బ్రోకరు. తల్లిదీ ఫైనాన్స్ వైపు ఉద్యోగమే. పెన్సిల్వేనియాలో క్రిస్మస్ చెట్ల తోట. 13 ఏళ్ళకే ఆర్‌సీఏ అనే రికార్డు కంపెనీతో ఒప్పందం. ఇదంతా చూస్తే నాకనిపించింది ఒక్కటే, డబ్బున్న నాన్న, కథ కంచికి. కానీ మా పిల్ల దగ్గర అలా తేల్చేస్తే కుదరదు, రుజువులు అడుగుతుంది. ఇప్పటి స్టేడియం షోల గురించి కాదు నేనడిగేది. మొదట్లో, కంట్రీ సింగర్‌గా ఉన్నప్పుడు అసలేం జరిగింది? కష్టమెంత, కాసులెంత?

మూడో_బెంచి
కంట్రీ మ్యూజిక్ అంటే దేశభక్తి గీతాలనుకుని మా మామయ్య టెనెసీలో కంట్రీ పాటల ఊరు నాష్‌విల్‌లో టిక్కెట్టు కొన్నాడు. లోపల చూస్తే ట్రక్కులు, బీర్లు, వదిలేసి వెళ్ళిపోయిన పెళ్ళాలు. "ఇది మన జానపదమేరా" అని రెండు పాటలకి ఈల కూడా వేశాడు.

స్విఫ్టీ_శ్రావ్య
గోదారి గారూ, నేను మీ అమ్మాయి పార్టీ. ఈ డబ్బున్న నాన్న మాట విని విని చెవులు చిల్లులు పడ్డాయి. అమెరికాలో స్టాక్ బ్రోకర్లు వేలల్లో ఉన్నారు. వాళ్ళకీ కూతుళ్ళున్నారు. ఏదీ, ఇంకో నలుగురి పేర్లు చెప్పండి?

పాత_చింతకాయ
పేదింట్లో పుట్టి ఆమెలాగే రాసిన పిల్లలూ వేలల్లో ఉండి ఉంటారమ్మా. వాళ్ళ పేర్లూ మనకి తెలీవు. ఆయనడిగేది అదే.

నాష్‌విల్_నరసయ్య
నేను ఈ ఊరొచ్చి 19 ఏళ్ళు. నా పని హాస్పిటల్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, సంగీతంతో చుట్టరికం లేదు. కానీ రాజమండ్రిలో ఉండి గోదారి చూడకుండా ఎలా ఉండలేమో ఇక్కడ ఉండి ఈ గోల వినకుండా ఉండలేం.

మ్యూజిక్ రో అంటే అద్దాల మేడలు ఊహించుకోకండి. 16వ అవెన్యూ, 17వ అవెన్యూ, ఆ చుట్టుపక్కల. చెట్ల నీడన పాతకాలం ఇళ్ళు, ముందు వరండాలు. ఆ ఇళ్ళే రికార్డు కంపెనీలు, స్టూడియోలు. ఇప్పుడిప్పుడే కూలగొట్టి మేడలు లేపుతున్నారు. టేలర్‌కి 11 ఏళ్ళప్పుడు బడి సెలవుల్లో వాళ్ళమ్మ ఇక్కడికి తీసుకొచ్చింది. అమ్మా తమ్ముడూ కారులో కూర్చుంటే ఈ పిల్ల ఒక్కో మెట్టూ ఎక్కి, రిసెప్షన్‌లో సీడీ ఇచ్చి దిగిరావడం. సీడీలో సొంత పాటలు కూడా కావు, వేరేవాళ్ళవి కారియోకే ట్రాకు మీద పాడినవి. ఒక్క ఫోనూ రాలేదు.

ఎందుకు రాలేదో ఈ ఊళ్ళో నాలుగు రోజులుంటే తెలుస్తుంది. ట్యాక్సీ ఎక్కితే డ్రైవరు పాటగాడు. కాఫీ ఇచ్చే అమ్మాయి పాటగత్తె. మా ఇంట్లో ఏసీ బాగుచేయడానికి వచ్చినాయన బిల్లుతోపాటు సీడీ ఇచ్చిపోయాడు. బాగా పాడటం ఇక్కడ ఆధార్ కార్డు లాంటిది, అందరి దగ్గరా ఉంటుంది. ఆ సంగతి ఆ పిల్లకి 11 ఏళ్ళకే అర్థమైంది, అదీ విశేషం. వెనక్కెళ్ళి గిటార్ పట్టుకుంది, సొంతంగా రాయడం మొదలెట్టింది. 12 తీగల గిటార్ కావాలంటే నీ వేళ్ళు చిన్నవి, పట్టు దొరకదన్నారట. వేళ్ళు చిట్లి రక్తమొచ్చేదాకా వాయించానని తర్వాత ఆమే చెప్పుకుంది.

మూడో_బెంచి
ఏసీ ఆయన సీడీ విన్నారా మరి? ఏసీ ఎలా ఉంది?

నాష్‌విల్_నరసయ్య
ఏసీ చల్లగా ఉంది. సీడీ ప్లేయరే లేదు ఇంట్లో.

వీణ_వాణి
26 ఏళ్ళుగా కర్ణాటక సంగీతం చెబుతున్నాను, నా మాట కొంచెం చేదుగా ఉంటుంది. మొదటి ఆల్బం మా మేనకోడలు పట్టుబట్టి వినిపించింది. గొంతు పలచన. పై స్థాయికి వెళ్తే ఊపిరి చాలదు. 2010 గ్రామీల్లో పాతతరం రాక్ గాయని స్టీవీ నిక్స్ పక్కన పాడినప్పుడైతే మర్నాడు విమర్శకులు ఉతికి ఆరేశారు. నా క్లాసులో అంతకంటే బాగా పాడే పిల్లలు ఇద్దరు ముగ్గురున్నారు, మొహమాటం లేకుండా చెబుతున్నా.

కానీ ఆ పిల్లల్లో ఒక్కరూ సొంతంగా ఒక్క చరణం రాయలేదు. రాయమని నేనూ ఏనాడూ అనలేదు. త్యాగరాజ కీర్తన తప్పు లేకుండా ఒప్పజెబితే చాలనుకున్నాను. నరసయ్య గారి ఆధార్ కార్డు మాట దగ్గర ఆగిపోయాను కాసేపు.

అకౌంటెంట్_అంజి
గోదారి అన్న అడిగింది లెక్క కాబట్టి నా వంతు.

ఆర్‌సీఏతో జరిగింది డెవలప్‌మెంట్ డీల్. అంటే ఆల్బం తీస్తామని మాటివ్వరు. కొంత డబ్బు పెట్టి డెమోలు, అంటే నమూనా రికార్డింగులు, చేయిస్తారు, ఏడాది చూస్తారు, అప్పుడు చెప్తామంటారు. పెళ్ళిచూపులకొచ్చి "జాతకం మా దగ్గర ఉంచండి, మేం చెప్పేదాకా వేరే సంబంధం చూడకండి" అన్నట్టు. ఏడాది తర్వాత వాళ్ళన్నది, ఇంకొన్నాళ్ళు ఇలాగే కానిద్దాం, 18 వచ్చాక చూద్దాం, పాటలు మేమిచ్చినవి పాడు అని. అప్పుడు టేలర్ వాళ్ళే బయటికొచ్చేశారు. పాటల రచన హక్కులు చూసుకునే సోనీ/ఏటీవీ కంపెనీ మాత్రం ఆమెని పాటలు రాసే మనిషిగా తీసుకుంది, 14 ఏళ్ళకి. ఆ కంపెనీ అంత చిన్నవాళ్ళని అంతకుముందు తీసుకోలేదు.

పాత_చింతకాయ
ఆర్‌సీఏని కాదని లేచి రావడానికి గుండె కావాలి, ఒప్పుకున్నా. ఆ గుండె వెనక నాన్న జీతం ఉందని మీరూ ఒప్పుకోండి. అద్దె కట్టలేని ఇంటి పిల్లయితే 18 దాకా ఆగమంటే ఆగేది, ఎవరిది పాడమంటే వాళ్ళది పాడేది.

అకౌంటెంట్_అంజి
ఒప్పుకుంటా బాబాయ్. 2004 లో నాష్‌విల్ పక్కనున్న హెండర్సన్‌విల్‌కి మారినప్పుడు కూడా ఆయన ఉద్యోగం వదల్లేదు, అదే కంపెనీ నాష్‌విల్ ఆఫీసుకి బదిలీ చేయించుకున్నాడు. తర్వాత ఆమె చేరిన బిగ్ మెషీన్ కంపెనీలో ఆయనకి చిన్న వాటా ఉండేది. 3 శాతం అని పేపర్లలో వచ్చింది.

గోదారి_గట్టు
అదీ! వాటా! నేను చెప్పలా?

స్విఫ్టీ_శ్రావ్య
మిగతా 97 శాతం ఎవరిదండీ మరి? 3 శాతంతో నెంబర్ వన్ కొనగలిగితే ఊరికో స్టార్ ఉండేది.

మూడో_బెంచి
మా బాబాయికి అపార్టుమెంట్‌లో 4 శాతం వాటా ఉంది. రెండేళ్ళుగా లిఫ్టు బాగుచేయించలేకపోతున్నాడు.

కరీంనగర్_పోరడు
నాకు సమజ్ గానిది ఒకటే. పెన్సిల్వేనియా పోరి టెనెసీ యాసల పాడుడేంది? మొదటి పాటలు విను, ముక్కుల నుంచి ఎట్ల సాగదీస్తదో. తర్వాత పాప్‌ల కొచ్చినంక గా యాస ఏడవొయింది? మా దిక్కు యాస సినిమాల పెట్టి పైసలు సంపాదించినట్టే ఉన్నది గిది గూడ.

గోదారి_గట్టు
పోరడు తమ్ముడూ, ఈ పాయింటు మా అమ్మాయి ముందు పెట్టాను. "నువ్వు ఆఫీసు కాల్‌లో మాట్లాడే ఇంగ్లీషు, నానమ్మతో మాట్లాడే తెలుగు ఒకే మనిషివేనా" అంది. నేను కాఫీ తాగడానికి లేచాను.

వీణ_వాణి
ఆ యాస సంగతి అప్పట్లో అక్కడి విమర్శకులే అన్నారు. అయితే 14 ఏళ్ళకి ఊరు మారిన పిల్లకి ఏడాదిలో యాస అంటుకోవడం వింత కాదు. మా అబ్బాయి విజయవాడ నుంచి హైదరాబాద్ వచ్చిన ఆర్నెల్లకి "అమ్మా, అన్నం పెట్టరాదు" అన్నాడు.

కరీంనగర్_పోరడు
మంచిగ మాట్లాడిండు మీ వోడు.

నాష్‌విల్_నరసయ్య
మధ్యలో బ్లూబర్డ్ ముక్క మిగిలిపోయింది.

బ్లూబర్డ్ కఫే గ్రీన్ హిల్స్‌లో ఉంటుంది, చిన్న దుకాణాల వరసలో ఒక దుకాణం. బయటి నుంచి చూస్తే దీనికా ఇంత పేరు అనిపిస్తుంది. 90 మంది కూర్చుంటే నిండిపోతుంది. మా ఆవిడ పుట్టినరోజుకి తీసుకెళ్ళాను. స్టేజీ మీద కాకుండా గది నడుమ నలుగురు పాటల రచయితలు ఎదురెదురుగా కుర్చీలేసుకుని కూర్చున్నారు, చుట్టూ జనం. నా మోకాలికీ ఒకాయన గిటార్‌కీ జానెడు దూరం. నేను కుర్చీ కొంచెం జరిపితే పక్క టేబులావిడ నోటి మీద వేలేసుకుని "ష్" అంది. అక్కడ పాట జరుగుతుంటే మాట్లాడకూడదు, అదే ఆ చోటి కట్టడి. ఆ నలుగురి మొహాలూ నేనెప్పుడూ చూడలేదు. బట్టతల, మామూలు చొక్కా. ఒకాయన పాట ఎత్తుకున్నాక తెలిసింది, రేడియోలో రోజూ వినే పాట, ఓ పెద్ద స్టార్‌ది. రాసింది ఈయన! మా ఆవిడ నా చెయ్యి గిల్లింది.

టేలర్ పాడింది అలాంటి చోట. వింటున్నవాళ్ళలో స్కాట్ బోర్చెట్టా అని ఒకాయన. అప్పటికి వేరే పెద్ద కంపెనీలో ఉద్యోగి. ఆయన ఆ పిల్లకి చెప్పింది ఏమిటంటే, నిన్ను తీసుకుంటా, కాకపోతే నేను ఉద్యోగం మానేస్తున్నా, నా కంపెనీ ఇంకా పుట్టలేదు. ఆర్‌సీఏని వదులుకొచ్చిన పిల్ల పుట్టని కంపెనీ కోసం ఆగింది. బిగ్ మెషీన్ 2005 లో మొదలైంది.

పాత_చింతకాయ
ఇది మాత్రం నాకు తెలీదు. పేరున్న కంపెనీని వదిలి బోర్డు కూడా లేని కంపెనీనా? నేనైతే మా అమ్మాయిని చెయ్యనిచ్చేవాణ్ణి కాదు.

స్విఫ్టీ_శ్రావ్య
చూశారా, చింతకాయ గారు మెత్తబడుతున్నారు.

పాత_చింతకాయ
పులుపు అలాగే ఉందమ్మా.

స్విఫ్టీ_శ్రావ్య
అసలు పని గురించి ఎవరూ మాట్లాడరేం? హెండర్సన్‌విల్ హైస్కూల్లో చదువుతూ, ప్రతి మంగళవారం బడి అయ్యాక లిజ్ రోజ్ అనే రచయిత్రితో కూర్చుని రాసేది. రెండేసి గంటలు. ఆ వారం బడిలో ఏం జరిగిందో అదే పాట. లిజ్ రోజ్ తర్వాత ఏమందంటే, నేను చేసింది ఎడిటింగే, ఏం చెప్పాలనుకుంటోందో ఆ పిల్లకి ముందే తెలుసు అని. మొదటి ఆల్బంలో 11 పాటలుంటే 7 వీళ్ళిద్దరూ కలిసి రాసినవి, 3 పూర్తిగా టేలర్ ఒక్కతే. నిర్మాత నేథన్ చాప్‌మన్ కూడా అప్పటిదాకా డెమోలు చేసుకుంటున్న కుర్రాడే. పేరున్న నిర్మాతలతో చేసి చూసి, డెమోల్లో ఉన్న ఊపు కావాలని మళ్ళీ అతన్నే అడిగారు.

ఇంకో సంగతి. మొదటి సింగిల్ "టిమ్ మెక్‌గ్రా" ఊహ ఎక్కడ తట్టిందో తెలుసా? తొమ్మిదో తరగతిలో, లెక్కల క్లాసులో!

గోదారి_గట్టు
చచ్చాను. ఇది మా పిల్లకి తెలిసే ఉంటుంది.

మూడో_బెంచి
అదేంటన్నా, మీరే గెలిచారు. పాట పుట్టింది లెక్కల క్లాసులో. కాబట్టి ట్యూషన్ మానకూడదు, ఇంకో రోజు పెంచాలి.

గోదారి_గట్టు
మూడో బెంచీ, నీకు రేపు పెసరట్టు నా ఖర్చు.

చిలకలూరిపేట_సుబ్బు
ఆ టిమ్ మెక్‌గ్రా ఎవరండీ? ప్రేమించిన కుర్రాడా?

నాష్‌విల్_నరసయ్య
కాదు సుబ్బు గారూ, అప్పటికే పెద్ద కంట్రీ స్టార్. కాలేజీకి వెళ్ళిపోతున్న అబ్బాయిని తల్చుకుని రాసింది. టిమ్ మెక్‌గ్రా పాట వింటే నేను గుర్తు రావాలి అని దాని సారం. ముక్కూ మొహం తెలియని 16 ఏళ్ళ పిల్ల పాటకి రేడియోవాళ్ళకి బాగా తెలిసిన పేరు తగిలించడం! కావాలని చేసినా, అలా కుదిరినా, ఆ పేరు చూసి సీడీ తిప్పి చూడని ప్రోగ్రాం డైరెక్టరు, అంటే రేడియోలో ఏ పాట వెయ్యాలో తేల్చే మనిషి, ఉండడు.

2007 లో ఏసీఎం అనే కంట్రీ సంగీత అవార్డుల వేదిక మీద అదే పాట పాడింది. ముందు వరసలో టిమ్ మెక్‌గ్రా, భార్య ఫెయిత్ హిల్. పాడుతూ పాడుతూ దిగొచ్చి, పాట చివర చెయ్యి చాపి "హాయ్, నేను టేలర్" అంది. వీడియో దొరుకుతుంది, ఆయన మొహం చూడండి. ఆ ఏడాదే వాళ్ళిద్దరి టూర్‌లో వాళ్ళు స్టేజీ ఎక్కేముందు పాడింది ఈమె.

కరీంనగర్_పోరడు
ఇప్పుడైతే రీల్ పెడితె రాత్రికి రాత్రే వైరల్. అప్పుడు ఎట్ల జేసిన్రు?

నాష్‌విల్_నరసయ్య
అప్పట్లో కంట్రీకి రేడియోనే దేవుడు, గుళ్ళో పూజారులు ప్రోగ్రాం డైరెక్టర్లు. అందుకే రేడియో టూర్ అనేది ఉంటుంది. ఊరూరా స్టేషన్‌కి వెళ్ళడం, కాన్ఫరెన్సు గదిలో గిటార్ తీసి ఆఫీసువాళ్ళ ముందు రెండు పాటలు పాడటం, వాళ్ళు పిజ్జా తింటూ వినడం, మళ్ళీ కారెక్కడం. ఆర్నెల్లు తిరిగింది 2006 లో. సీడీలు కవర్లలో పెట్టి అతికించడం తల్లీ కూతుళ్ళ పని. కొత్త కంపెనీ, మనుషులెక్కడ?

పాట జూన్ 2006 లో వచ్చింది. కంట్రీ చార్టులో 6 వ స్థానానికి చేరేసరికి 2007 జనవరి. ఏడు నెలలు. మన సినిమా పాట ఏడు నెలలకి ఆంటీల అంత్యాక్షరిలో కూడా ఉండదు.

ఆన్‌లైన్ కూడా వదల్లేదు లెండి. అప్పట్లో ఫేస్‌బుక్ లాంటి మైస్పేస్‌లో తనే కూర్చుని జవాబులిచ్చేది. కంట్రీ వినేది ట్రక్కు డ్రైవర్లూ నడివయసు ఆడవాళ్ళే, 14 ఏళ్ళ ఆడపిల్లలు వినరని కంపెనీల లెక్క. ఆ ఆడపిల్లలంతా మైస్పేస్‌లో కనపడ్డారు. గోదారి గారూ, మీ రుజువుల జాబితాలో నేనైతే ఇది పైన పెడతాను. ఎవరూ లెక్కలోకి తీసుకోని వాళ్ళకి పాట రాసింది, తను వాళ్ళలో ఒకతె కాబట్టి.

అకౌంటెంట్_అంజి
అంకెలు. మొదటి ఆల్బం 2006 అక్టోబర్ 24 న వచ్చింది. మొదటి వారం అమ్ముడైంది 40 వేల లోపే, అమెరికా ఆల్బమ్‌ల చార్టు బిల్‌బోర్డ్ 200 లో 19 వ స్థానం. చూస్తే మామూలే. కానీ ఆ చార్టులో 157 వారాలు కూర్చుంది, మూడేళ్ళు! ఆ దశాబ్దంలో ఇంకే ఆల్బమూ అన్నాళ్ళు లేదు. రెండో ఆల్బం "ఫియర్‌లెస్" 2008 నవంబర్‌లో వచ్చింది. మొదటి వారమే 5,92,000. నాన్న కొనిపెట్టాడనుకుంటే ఆయన గ్యారేజీ చాలదు.

చిలకలూరిపేట_సుబ్బు
క్రిస్మస్ చెట్ల తోట అంటే ఎన్ని ఎకరాలుంటుందండీ? మనం అక్కడ ఆ చెట్లు వేస్తే లాభసాటేనా?

స్విఫ్టీ_శ్రావ్య
సుబ్బు గారూ! అసలు చర్చ ఏంటి, మీరు అడిగేదేంటి. తోటలో ఆమె పని మాత్రం చెప్తా. నరికిన చెట్ల మీద గొల్లభామల గుడ్ల గూళ్ళు ఏరెయ్యాలి. వదిలేస్తే కొన్నవాళ్ళ ఇంట్లో వెచ్చదనానికి పగిలి వందల పిల్లలు సోఫాల మీద పాకుతాయి. ఆ పని ఆమెకి ఎందుకిచ్చారంటే మిగతా పనులకి మరీ చిన్నది.

మోడరేటర్
శంకర్‌పల్లి ప్లాట్ల ప్రకటన తీసేశాం. క్రిస్మస్ చెట్ల సాగుకి వేరే చర్చ పెట్టుకోండి.

పాత_చింతకాయ
అదృష్టం సంగతి ఎవరూ ఎత్తడం లేదు. ఎరిక్ చర్చ్ కథ తెలుసా? 2006 లో రాస్కల్ ఫ్లాట్స్ అనే పెద్ద బ్యాండు టూర్‌లో ముందు పాడేవాడు. ఇచ్చిన టైము దాటి, మరీ గట్టిగా వాయిస్తున్నాడని టూర్ నుంచి తీసేశారు. చివరి 9 షోలు ఖాళీ. అవి ఈమెకి దక్కాయి, ఆల్బం వచ్చే నెలలోనే! ఆయన నోరు అదుపులో పెట్టుకుని ఉంటే?

స్విఫ్టీ_శ్రావ్య
మిగతా సగం కూడా చెప్పండి మరి. నీకు మొదటి గోల్డ్ రికార్డు వస్తే నాకు పంపాలి అని ఆయన సరదాగా అన్నాడు. ఈమె నిజంగానే పంపింది, మీరు అంత సేపు అంత గట్టిగా వాయించినందుకు ధన్యవాదాలు అని చీటీ రాసి.

మూడో_బెంచి
మా ఆఫీసులో ఒకడు మీటింగులో టైము దాటి మాట్లాడతాడు. వాడి ప్రమోషన్ నాకొస్తే వాడికో స్వీటు ప్యాకెట్ పంపుతా.

వీణ_వాణి
నాన్నల సంగతి మాట్లాడుకుంటున్నారు కాబట్టి లీయాన్ రైమ్స్ పేరు కూడా రావాలి. టేలర్‌కి పదేళ్ళ ముందు, 1996 లో "బ్లూ" పాటతో వచ్చింది, అప్పటికి 13 ఏళ్ళు. ఆ గొంతు మాత్రం వినండి! పాత కంట్రీ గాయని పాట్సీ క్లైన్ మళ్ళీ పుట్టిందన్నారు. 14 ఏళ్ళకి రెండు గ్రామీలు, అందులో ఒకటి బెస్ట్ న్యూ ఆర్టిస్ట్. వాళ్ళ నాన్నే ఆల్బమ్‌ల నిర్మాత, వ్యవహారాలూ ఆయనవే. 2000 లో ఆ పిల్ల తండ్రి మీదే కోర్టుకెళ్ళింది. ఆయనా మరో మేనేజరూ కలిసి 70 లక్షల డాలర్ల పైన తీసుకున్నారని ఫిర్యాదు. తర్వాత రాజీ పడ్డారనుకోండి.

గొంతు తూస్తే లీయాన్ రెండింతలు తూగుతుంది. కానీ పాడినవి ఎక్కువగా వేరేవాళ్ళు రాసిన పాటలు. టేలర్ వాళ్ళ నాన్న వాటా కొన్నాడని మీరు తప్పు పడుతున్నారు, నాకు మాత్రం ఆయన పాట జోలికి రాకపోవడం కనపడుతోంది.

గోదారి_గట్టు
వాణి గారూ, ఈ కోణం నేను ఆలోచించలేదు. మా ఇంట్లో అది రాసినవి చదివి నేను ఇంగ్లీషు స్పెల్లింగులు దిద్దాను. అప్పటి నుంచి నోట్‌బుక్ చూపించడం లేదు.

కరీంనగర్_పోరడు
అన్నా, గదే మొదటి కేసు. ఎందుకు దిద్దినవే?

అకౌంటెంట్_అంజి
రాసినవాళ్ళకే చివరికి మిగులుతుందని చెప్పడానికి ఈమె కథకంటే మంచి కేసు లేదు. పాటలో రెండు ఆస్తులుంటాయి. ఒకటి రచన, మాటా బాణీ. రెండోది రికార్డింగ్, దాన్నే మాస్టర్ అంటారు. 6 ఆల్బమ్‌ల మాస్టర్లు బిగ్ మెషీన్‌వి, ఎందుకంటే మొదట్లో ఒప్పందం అలా రాసుకున్నారు. కొత్తవాళ్ళందరికీ అలాగే ఉంటుంది. 2019 లో కంపెనీ స్కూటర్ బ్రాన్ అనే మ్యూజిక్ మేనేజరు చేతికి పోయింది, దాంతోపాటు ఆమె మాస్టర్లూ పోయాయి. 30 కోట్ల డాలర్ల బేరమని వార్తలు.

కానీ రచన ఆమెది. ఇంటి ప్లాను నీది, కట్టిన ఇల్లు వాళ్ళది అనుకోండి. ప్లాను చేతిలో ఉంటే పక్క స్థలంలో అదే ఇల్లు మళ్ళీ లేపొచ్చు. 2021 నుంచి ఆమె చేసింది అదే, పాత ఆల్బమ్‌లలో నాలుగింటిని తిరిగి పాడి విడుదల చేసింది. 2025 మేలో అసలు మాస్టర్లు కూడా కొనేసుకుంది. వేరేవాళ్ళు రాసినవే పాడి ఉంటే ఇంత పట్టు ఎక్కడిది? 14 ఏళ్ళ పిల్ల మంగళవారం పూట రాసిన పాట 31 ఏళ్ళకి ఆస్తి పత్రం అయింది.

పాత_చింతకాయ
మన దగ్గర ఇళయరాజా గారు 2017 లో బాలు గారికి నోటీసు పంపింది ఇదే కదా? బాలు గారు అమెరికా టూర్‌లో ఉండగా. జనం ఇళయరాజాని తిట్టిపోశారు. నేనూ తిట్టాను.

అకౌంటెంట్_అంజి
అదే బాబాయ్. గొంతు మనకి దేవుడు, బాణీ ఆయన ఆస్తి. మన దగ్గర సినిమా పాటంటే చాలాకాలం హక్కులన్నీ నిర్మాతకే రాసిచ్చేవాళ్ళు. 2012 లో కాపీరైటు చట్టం సవరించాక రచయితకీ సంగీత దర్శకుడికీ రాయల్టీ హక్కు గట్టిపడింది.

ఇక్కడ పిల్లల్ని టీవీ పాటల పోటీలకి పంపేవాళ్ళుంటే ఒకటి గుర్తుపెట్టుకోండి. 2017 నిబంధనల ప్రకారం బాల కళాకారుల సంపాదనలో కనీసం 20 శాతం పిల్లల పేరు మీద జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వెయ్యాలి. రోజుకి 5 గంటలకి మించి పని చేయించకూడదు. అడగండి, సిగ్గుపడకండి.

చిలకలూరిపేట_సుబ్బు
మా బావగారి అమ్మాయి ఓ టీవీ పోటీకెళ్ళింది. పొద్దున 7 కి పిలిచి, రాత్రి 11 కి వంతొచ్చింది. అప్పటికి నిద్రపోయింది పాపం. నిద్రలోంచి లేపితే పల్లవి బదులు ఎక్కాలు చెప్పింది.

మూడో_బెంచి
లెక్కల ట్యూషన్ మహిమ.

గోదారి_గట్టు
అందరూ రాసినవి మా అమ్మాయికి చదివి వినిపించాను, ఇళయరాజా దాకా. "టేలర్ ఒక్కతే రాసిన పాట ఏది" అని అడిగితే టక్కున "అవర్ సాంగ్" అంది. తొమ్మిదో తరగతి టాలెంట్ షో కోసం రాసిందట. 2007 డిసెంబర్‌లో కంట్రీ నెంబర్ వన్. ఒంటరిగా రాసి పాడి ఆ చోటికెక్కినవాళ్ళలో అందరికంటే చిన్నదట, 18 అప్పుడే నిండాయి. ఇవన్నీ దానికి తెలుసు, నేనే ఈ చర్చ పెట్టుకుని తిప్పలు పడ్డాను.

రాష్ట్రం మారలేనని చెప్పాను, ఇంటి లోను ఉంది. ట్యూషన్ టైము మారుస్తానన్నాను. ఏ రోజు రాసుకుంటావు అంటే, మంగళవారమట. ఎందుకో మీకు తెలుసు. ఫోన్లో మా అమ్మ వింటోంది, మంగళవారం కొత్త పని మొదలుపెట్టకూడదని అక్కడి నుంచే కేకలు.

వీణ_వాణి
శుక్రవారం మొదలుపెట్టి మంగళవారం కొనసాగించమనండి. నేను పిల్లల్ని చేర్చుకునేది అలాగే.

నాష్‌విల్_నరసయ్య
ఈసారి ఇటొస్తే బ్లూబర్డ్‌కి తీసుకెళ్తాను. టిక్కెట్లు ఆన్‌లైన్‌లో పెట్టిన నిమిషంలో అయిపోతాయి, ముందే చెప్పండి. కుర్చీ మాత్రం జరపకూడదు.

గోదారి_గట్టు
ట్యూషన్ మాస్టారికి మెసేజ్ పెట్టాను. మంగళవారానికి అడ్డులేదు, కానీ శనివారం బదులు ఆయనకి ఖాళీ ఉన్నది ఆదివారం పొద్దున 7 కి. ఈ వార్త ఇంకా దానికి చెప్పలేదు. నోట్‌బుక్ మాత్రం ఇందాక సోఫా మీదే వదిలేసి పడుకుంది. తెరవలేదు.